నల్ల గొడుగుకు వెల్ల

జనం సినిమాలు చూస్తున్నారే గానీ ఆస్వాదించడం లేదని ప్రభుత్వానికి ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో తెలియదు గానీ, చెప్పినాయన బావమరిదికి ఆ వెంటనే ఉద్యోగం దొరికింది. అలా వెలిసింది చలనచిత్ర రసాస్వాదన ప్రాధికార సంస్థ. దానికో భవనం, భవనానికో లిఫ్టు, లిఫ్టుకో మనిషి, ఆ మనిషికో స్టూలు. జిల్లాకొక పాత సినిమాను ఎంచి, అందులోని రచననూ నటననూ ఆ జిల్లా ప్రజల చేత ఆస్వాదింపజేయడం సంస్థ లక్ష్యం. మార్చి నెలాఖరులోగా ఆస్వాదించకపోతే మిగిలిపోయిన ఆస్వాదన వెనక్కి పోతుంది.

తెనాలిలో ఉన్న అలివేణమ్మకు ఈ సంగతులేవీ తెలియవు. ఎనభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో రాణి వేషాల నుంచి రాక్షసి వేషాల దాకా వేసింది. సినిమా మాత్రం ఒక్కటే చేసింది. దాని పేరు 'నల్ల గొడుగు'. ఓడరేవు ఊళ్ళో లాడ్జి నడిపే నాగరత్నం, బస చేయడానికి వచ్చిన వజ్రాల వ్యాపారిని మట్టుబెట్టే కథ. నాగరత్నం వేషం అలివేణిది. సినిమా నిండా వానే, చీకటే, గోడల మీద నీడలే.

అందులో ఒక ఘట్టం ఉంది. హత్య జరిగిన మర్నాడు తెల్లవారకముందే ఇన్‌స్పెక్టరు వస్తాడు. నాగరత్నం వసారాలో నిలబడి గొడుగు విదిలిస్తూ ఉంటుంది. ముఖం సగం వెలుతురులో, సగం చీకట్లో.

"రాత్రి ఇక్కడికి ఎవరొచ్చారు?" అంటాడు ఇన్‌స్పెక్టరు.

"వాన" అంటుంది నాగరత్నం. గొడుగు ముడుస్తుంది. ముడిచేటప్పుడు దాని వెండి పిడి తళుక్కుమంటుంది. ఆ గొడుగు చచ్చినవాడిదని చూసేవాడికి అప్పుడు తెలుస్తుంది, వెన్ను జలదరిస్తుంది.

మాటలు రాసిన సోమయాజిగారు ముందు ఆ చోట పేజీన్నర సంభాషణ రాసుకొచ్చాడు. సెట్టు మీద అలివేణి గొడుగు విదిలించే తీరు ఒకసారి చూశాడు. కలం తీసి పేజీన్నరా కొట్టేసి ఒక్క మాట మిగిల్చాడు. "నీ మొహం చెప్తుంటే మళ్ళీ మధ్యలో నేనెందుకమ్మా?" అన్నాడు. రచయితలు సొంత రాతను కొట్టేసుకోవడం అలివేణి అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

దురదృష్టం ఏమిటంటే ఆ సినిమాను ఆమె ఇంతవరకూ చూడలేదు. విడుదలైనప్పుడు బళ్ళారి వైపు నాటకాలాడుతోంది. తిరిగొచ్చేసరికి సినిమా ఎత్తేశారు. తరవాత ప్రింట్లు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. కన్ను మూసేలోగా ఆ గొడుగు ముడిచే ముక్కను చీకటి హాల్లో, పెద్ద తెర మీద ఒక్కసారి చూసుకోవాలని ఆమెకు ఉంది. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ కోరలేదు.

ఆ కోరిక తీరే రోజు రానే వచ్చింది. మూతబడిన కోదండరామా టాకీసు యజమాని వల్లభరావు అటక సర్దుతుంటే 'నల్ల గొడుగు' ఫిల్ము డబ్బాలు దొరికాయి. ప్రొజెక్టరు ఇంకా పనిచేస్తోంది. మర్నాడే తలుపులు మూసి సినిమా వేసేస్తే ఈ కథే ఉండేది కాదు. కానీ వల్లభరావు మంచివాడు. మంచివాళ్ళు ఏ పనీ మామూలుగా చేయరు. తాను పిన్నిగారూ అని పిలిచే అలివేణమ్మకు ఘనంగా సన్మానం చేసి, పదిమందిలో చూపించాలనుకున్నాడు. రసాస్వాదన సంస్థ సాయం కోరుతూ అర్జీ పెట్టాడు. సాయం వచ్చింది.

సాయం పేరు ఫణీంద్ర. హోదా రసాస్వాదన విస్తరణాధికారి. మొన్నటిదాకా కొబ్బరి చెట్ల తెగుళ్ళ నివారణలో ఉండేవాడు. నటనను గుర్తించడంలో స్వల్పకాలిక శిక్షణ పొంది ఇటు వచ్చాడు. వినయంగానే మాట్లాడతాడు.

"అమ్మా, తమరు ఈ పథకంలో అభినయ లబ్ధిదారు" అన్నాడు అలివేణమ్మకు నమస్కారం పెట్టి.

"అంటే ఏంది నాయనా?"

"తమరి నటనను ప్రభుత్వం ఆస్వాదిస్తుంది."

"సంతోషం. నన్ను కూడా చూడనిస్తారా?"

"చూడటం అనేది పాత పద్ధతి అమ్మా. ముందు చిత్రం ఆస్వాదనకు యోగ్యంగా ఉన్నదీ లేనిదీ యోగ్యతా సంఘం నిర్ధారించాలి. తమరూ రావచ్చు. లబ్ధిదారుకు కుర్చీ ఉన్నది."

యోగ్యతా సంఘం సమావేశం రాజధానిలో, సంస్థ భవనంలో జరిగింది. వల్లభరావు డబ్బాలన్నీ కారులో వేసుకుని అలివేణమ్మను తీసుకెళ్ళాడు. డబ్బాల్లో ఉన్నదాన్ని సంస్థవాళ్ళు కంప్యూటరులోకి ఎక్కించుకుని, డబ్బాలు తిరిగి ఇచ్చేశారు. సినిమాను లైట్లు వేసే చూశారు. చీకట్లో నివేదిక రాసుకోవడం కుదరదని గుమాస్తా మొరపెట్టుకున్నాడట. ఆ వెలుతురులో తెర మీద ఏదో బూడిద కదిలినట్టు తప్ప అలివేణమ్మకు ఏమీ ఆనలేదు. పైగా ఆమె కుర్చీని లబ్ధిదారుల వరస అంటూ స్తంభం వెనక వేశారు.

చూడటం అయ్యాక సంస్థ సంచాలకులు విశ్వంభరంగారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఏది మాట్లాడినా పక్కన శిలాఫలకం ఉన్నట్టే మాట్లాడతారు.

"చిత్రము మొత్తము మీద ఉత్తమముగా ఉన్నది. అయితే చీకటి ఎక్కువగా ఉన్నది. విద్యుత్తు విషయములో మనము మిగులు సాధించిన ఈ తరుణములో ఇంత చీకటి ప్రజలకు ఎట్టి సందేశమును ఇచ్చును?"

"కథ రాత్రిపూట గదండీ" అన్నాడు వల్లభరావు.

"రాత్రి అగుట వేరు, చీకటిగా ఉండుట వేరు" అన్నారు సంచాలకులు. అందరూ తలలూపారు. "పైగా ముఖ్యమైన ఘట్టములో లబ్ధిదారు ముఖము సగమే కనబడుచున్నది. సగము ముఖమును చూచి పూర్తి నటనను ఎట్లు ఆస్వాదింతుము? మిగిలిన సగములో ఆమె నటించినదో లేదో ఆడిట్ వారు అడిగినచో మనము ఏమి చెప్పగలము?"

అలివేణమ్మ ఉండబట్టలేక స్తంభం పక్కనుంచి తల బయట పెట్టింది. "ఆ చీకట్లో ఉన్న సగమేనయ్యా చంపింది. కనపడకపోబట్టే జనం భయపడేది."

"అమ్మగారి అభ్యంతరమును నమోదు చేయవలెను" అన్నారు సంచాలకులు. గుమాస్తా నమోదు చేశాడు. ఆ పని అయిపోయింది కాబట్టి దాన్ని ఎవరూ మళ్ళీ పట్టించుకోలేదు.

తరవాత హంతకురాలి సంగతి వచ్చింది. హంతకులు ఎవరో ఆ గొడుగు ముడిచే ఘట్టందాకా దాచడం సమాచార హక్కుకు విరుద్ధమని న్యాయ సలహాదారు తేల్చారు. ప్రేక్షకుడు అర్జీ పెట్టుకునే అవసరం లేకుండా ఆ సమాచారం మొదట్లోనే ఇవ్వాలన్నారు. ఇక మిగిలింది రచన. ఫణీంద్ర లేచి, సంస్థ నిబంధనల ప్రకారం ఒక ముఖ్య సంభాషణలో కనీసం పన్నెండు మాటలు ఉంటేనే దాన్ని రచనగా ఆస్వాదించగలమని, 'వాన' అన్నది ఒకటే మాట గనుక పదకొండు మాటల లోటు ఉన్నదని మనవి చేశాడు.

"కవికి ఓపిక లేదు కాబోలు" అన్నారు సంచాలకులు జాలిగా. "లోటును సంస్థయే భర్తీ చేయును."

తిరుగుదారిలో కారు వల్లభరావే నడిపాడు. మంగళగిరి దాటాక మెల్లగా, "పిన్నిగారూ, నేనే కంపలో కాలేశాను" అన్నాడు.

"నీదేం తప్పులేరా వల్లభా. ఎట్టా చూపిచ్చినా గొడుగు ముడిచేది ఉంటది గదా. అది చూస్తే చాలు నాకు" అంది అలివేణమ్మ. అప్పటికి ఆమెకు ఇంకా నమ్మకం ఉంది.

ఆస్వాదనోత్సవం తెనాలిలోనే, పురపాలక సంఘం హాల్లో పెట్టారు. ఒక కాలేజీ పిల్లల్ని, రెండు ఆఫీసుల సిబ్బందిని, ఆ పూట మరో పని లేని పెన్షనర్లనూ సమీకరించారు. హాజరు పట్టే యంత్రానికి ముఖాలు కనపడాలి కాబట్టి హాల్లో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. వేదిక మీద ఒక పక్కన ఫణీంద్ర పచ్చజెండా పట్టుకు నిలబడ్డాడు. నటన బాగున్న చోట జెండా ఊపుతాడు, జనం చప్పట్లు కొట్టాలి. రచన బాగున్న చోట "ఆహా" అనాలి. తికమకపడి రచనకు చప్పట్లు కొట్టినవాళ్ళను వాలంటీర్లు చెవిలో మందలించారు.

సినిమా మొదలవుతూనే తెల్లటి అక్షరాలు పడ్డాయి. 'ఈ చిత్రమందు హత్య చేయునది శ్రీమతి నాగరత్నం. హత్య చేయుట శిక్షార్హము.' ఆ తరువాత నాగరత్నం కనపడినప్పుడల్లా తల మీద బాణం గుర్తు పడింది. వజ్రాల వ్యాపారి సిగరెట్టు వెలిగిస్తే కింద ఒక హెచ్చరిక వచ్చింది, గ్లాసు ఎత్తితే పైన ఒకటి వచ్చింది. అతన్ని గొంతు నులిమి చంపుతుంటే, ఇంట్లో చేసి చూడవద్దని అడ్డంగా ఇంకొకటి. హెచ్చరికల మధ్య మిగిలిన సందులోంచి అతను చచ్చిపోయాడు.

అలివేణమ్మ ముందు వరసలో, వల్లభరావు పక్కన కూర్చుంది. ఆ రోజు కోసం బీరువా అడుగునుంచి తీసిన పట్టుచీర కట్టుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ ఒక్క ముక్క కోసం ఎదురుచూస్తోంది.

వసారా వచ్చింది. వానకాలపు తెల్లవారుజామున ఆ వసారా రోహిణీ కార్తె మిట్టమధ్యాహ్నంలా వెలిగిపోతోంది. నీడలన్నీ తుడిచేశారు. నాగరత్నం ముఖంలో చీకటిగా ఉన్న సగానికి నిపుణులు కొత్తగా ఒక కన్ను, సగం ముక్కు, అరచెంప అమర్చారు. ఆ కన్ను పక్క కన్నుకేసి చూస్తోంది.

"రాత్రి ఇక్కడికి ఎవరొచ్చారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాగరత్నం నోరు ఒకసారి తెరిచి మూసింది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. ఆగిన బొమ్మలోంచి బస్టాండులో బస్సుల వేళలు చెప్పే అమ్మాయి గొంతు వినిపించింది.

"ఇన్‌స్పెక్టరుగారికి నమస్కారములు. గత రాత్రి అల్పపీడన ప్రభావము వలన మన ప్రాంతమందు ఒక మోస్తరు నుండి భారీ వర్షము కురిసినది. అది తప్ప అన్యులెవ్వరూ రాలేదని అసత్యము పలుకుచున్నాను. ఏలయనగా హంతకురాలను నేనే. నా చేతిలోని గొడుగు మృతునిది. గమనించగలరు."

ఫణీంద్ర జెండా ఊపాడు. హాలంతా "ఆహా" అంది. జెండాకు చప్పట్లు కొట్టాలి కదా అని గుర్తొచ్చి ఆ తరవాత చప్పట్లు కొట్టింది. గొడుగు ముడవడం ఆ చప్పట్ల కింద ఎక్కడో పోయింది. నిడివి కోసం కత్తిరించారని తరవాత తెలిసింది.

అలివేణమ్మకు ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చినా బాగుండేది. తన ముఖాన్ని ఎవరో చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో పోసినట్టయింది ఆమెకు. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ కొత్త కన్ను ఉన్న బొమ్మను పటం కట్టి చేతిలో పెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయిందని ఆమె మైకులో చెప్పబోయింది గానీ, అప్పటికే మైకు సంచాలకుల చేతికి వెళ్ళిపోయింది.

"ఒక చిత్రమునకు రెండు రూపములు ఉండుట గందరగోళమునకు దారితీయును" అన్నారు విశ్వంభరంగారు. "సవరించిన రూపమే ఇకపై అసలుది. సవరించనిది నకిలీది. కావున పాత డబ్బాలను స్వాధీనపరచుకుని, శాస్త్రోక్తముగా నాశనము చేయవలసినదిగా ఆదేశించుచున్నాను."

ఫణీంద్ర అలవాటు కొద్దీ జెండా ఊపాడు.

ఆ సాయంత్రమే డబ్బాలు టాకీసులోంచి అలివేణమ్మ ఇంటికి చేరాయి. వల్లభరావు వాటిని గోనెసంచుల్లో కుక్కి, గుమ్మడికాయలని చెప్పి ఆటోలో వేసుకొచ్చాడు. దారిలో ఒకాయన గుమ్మడికాయ ఎంతకిస్తావని అడిగితే గజగజ వణికిపోయాడట.

"నా మొహాన అన్నీ తెలిసిపోతాయి పిన్నిగారూ. వాళ్ళొచ్చి అడిగితే నేను చెప్పేస్తాను. నాకు తెలుసు."

"అందుకనే నువ్వు లోపలగదిలో పడుకో. ఎవరొచ్చినా లెయ్యబాక. జ్వరమని చెప్తా" అంది అలివేణమ్మ.

మర్నాడు పొద్దున ఫణీంద్ర రానే వచ్చాడు. టాకీసు అటక ఖాళీగా ఉందని, ఆదేశం అమలు కాకపోతే తన ఉద్యోగం మళ్ళీ కొబ్బరి తెగుళ్ళకు పోతుందని గుమ్మంలోనే చెప్పుకొచ్చాడు. పాపం అనిపించింది ఆమెకు. కానీ డబ్బాలు పోతే తను ఉన్నట్టు ఈ భూమ్మీద ఇంకో రుజువు లేదు.

"కూర్చో నాయనా" అంది.

వసారాలో కూర్చునేందుకు ఒకటే చోటు ఉంది. బొంత కప్పిన ఎత్తు. ఫణీంద్ర దాని మీద కూర్చున్నాడు. అతని కింద 'నల్ల గొడుగు' మొత్తం ఉంది. లోపలగదిలో వల్లభరావు దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు.

అలివేణమ్మ కిందనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మా, ఆ డబ్బాలు ఎక్కడున్నాయో తమరికి గాని తెలుసా?"

ఆమె చేతిలో కాయ ఒలవడం పూర్తి చేసింది. గింజలు చేటలో వేసింది.

"కాల్చేశా" అంది.

ఫణీంద్ర నోరు తెరిచాడు. "కాల్చేశారా? ఎందుకమ్మా?"

ఇక్కడ నాటకాల్లో అయితే గుండెలు బాదుకోవాలి. ఒక పద్యమైనా ఎత్తుకోవాలి. ఆమె ఇంకో కాయ తీసుకుంది. పెరట్లో నీళ్ళ కాగు కింద పొయ్యి ఆరిపోతోంది. ఒకసారి అటు చూసి, మళ్ళీ చేటలోకి చూసింది. జవాబు చెప్పలేదు.

ఆ మౌనం ఫణీంద్ర భరించలేకపోయాడు. "అర్థమైందమ్మా" అన్నాడు. "ఉత్సవంలో సవరించింది చూశాక, ఇంక ఆ పాతది ఎందుకనిపించింది కదూ?"

ఆమె ఒక్క క్షణం ఆగి తల ఊపింది.

"అది కాలినట్టు బూడిదేమైనా..."

"అంట్లు తోమా" అంది.

ఫణీంద్ర కళ్ళు చెమర్చాయి. ప్రభుత్వం చేసిన పనిని ఇంతగా మెచ్చుకున్న లబ్ధిదారును అతను సర్వీసులో చూడలేదు. లేచి రెండు చేతులూ జోడించాడు. బొంత కొంచెం జారి ఒక డబ్బా అంచు బయటపడింది. ఆమె దానివైపు చూడలేదు. ఆమె చూడలేదు కాబట్టి అతనూ చూడలేదు.

వీధిలోకి వెళ్ళి కిటికీ పక్కనే నిలబడి సంచాలకులకు ఫోను చేశాడు. గవర్నమెంటు ఫోను కదా, గట్టిగానే మాట్లాడాడు.

"కాల్చేశారండీ... అవునండీ, స్వచ్ఛందంగానే... అబద్ధమా? అవకాశమే లేదండీ. శిక్షణలో నటన లక్షణాలు చెప్పారు కదండీ. గొంతు పెరగాలి, కనుబొమలు ఎగరాలి, ముక్కుపుటాలు అదరాలి. ఒక్కటి కూడా లేదండీ. నేను దగ్గరుండి చూశాను. నిజం చెప్పాలంటే సార్, ఆవిడకు అసలు నటనే రాదండీ!"

కిటికీ ఇవతల అలివేణమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నాటకాల్లో ఉన్నన్నాళ్ళూ ఊరూరా జనం ఆమెతో బ్రహ్మాండంగా నటించావని అన్నారు. పతకాలిచ్చారు, పూలదండలేశారు. నటన రాదని అన్న మొదటి మనిషి ఇతనే. సోమయాజిగారు బతికుంటే ఈ మాట విని ఎంత మురిసిపోయేవాడో అనుకుంది. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. పమిట చెంగుతో తుడుచుకుని, "లేవరా వల్లభా, నీ జొరం తగ్గింది" అని కేకేసింది.

ఆదివారం పొద్దున కోదండరామా టాకీసు తలుపులన్నీ లోపలనుంచి గడియ పెట్టారు. పైన సందుల్లోంచి వెలుతురు రాకుండా వల్లభరావు పాత దుప్పట్లు కట్టాడు. హాల్లో ఉన్నది ఇద్దరే. అతను ప్రొజెక్టరు ఆడించి వచ్చి ఆమె వెనక వరసలో కూర్చున్నాడు.

చీకట్లో వాన మొదలైంది. నీడలు ఎక్కడివక్కడ ఉన్నాయి. వజ్రాల వ్యాపారి ఏ హెచ్చరికా లేకుండా సిగరెట్టు కాల్చుకుని, నిశ్చింతగా చచ్చిపోయాడు. వసారా వచ్చింది. సగం ముఖంతో ఒక యువతి నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఆమె చెప్పింది. గొడుగు ముడిచింది. పిడి తళుక్కుమంది.

వల్లభరావుకు ఒళ్ళు ఝల్లుమంది. ఈ సినిమా ఎవరు తీశారో, ఎవరు చేశారో అన్నీ తెలిసి కూడా ముందు కూర్చున్న ముసలమ్మను చూసి ఒక్క క్షణం భయమేసింది. ఆమె కదలడం లేదు. బతికుందో లేదో అని కంగారుపడి ముందుకు వంగాడు.

"ఎట్టా ఉంది పిన్నిగారూ?"

అలివేణమ్మ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే పెదవి విరిచింది.

"పరవాలేదు. కాకపోతే ఎడం చెయ్యి ఊరికినే కదిలిచ్చా, చూశావా? ఆ ఆఫీసరు దగ్గర ఆ తప్పు చెయ్యలేదు."